బంతియాట, పాటకచేరి, ఒక కెమేరా



పోయిన నెల నాకు వచ్చిన యుత్తరములలో నొకటి నన్ను మిక్కిలి యోజింపజేసినది. వ్రాసిన తల్లి గుంటూరు జిల్లావారు. వారి రెండవ కుమార్తె బి.ఏ. ముగించినది. ఉద్యోగపు పరీక్షలకు గూర్చుండుమనిన వినక, తాతగారిచ్చిన సొమ్ముతో నొక కెమేరా కొనుక్కొని, ఆదివారము వచ్చినచో గ్రికెట్టు జరుగు మైదానమునకును, సాయంకాలమైనచో సంగీతసభలకును, గుడిలోని నాదస్వరకచేరులకును బోయి ఫొటోలు తీయుచున్నదట. "ఇదియు నొక పనియేనా? దీనితో నిల్లు గడచునా? నలుగురు మగవాండ్ర నడుమ గడ్డిలో మోకాళ్లూని ఫొటోలు తీయు పిల్లను ఏ యింటివారు కోడలిగా జేసికొందురు? మీరైనను నాలుగు మాటలు వ్రాసి దాని మనసు మరల్పుడు" అని యామె కోరిక.

మనసు మరల్చుట నా చేతనగు పని కాదు. అయినను అచ్చముగా నీ పనినే చేసి, ఎనమండుగురు బిడ్డలను బెంచిన యొక మనుష్యుని కథ నేనెఱుగుదును. ఆ కథలో దల్లికి ధైర్యము గలిగించు భాగము గలదు, గుండె జల్లుమనిపించు భాగమును గలదు. ఒకటి చెప్పి రెండవది దాచుట న్యాయము కాదు గావున రెండును జెప్పెదను.

అతని పేరు ఎర్నెస్టు విదర్సు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రమున, మిసిసిపీ నది యొడ్డున నున్న మెంఫిసు పట్టణమున 1922లో బుట్టెను. నల్లజాతివాడు. ఆ దినములలో నా పట్టణమున నల్లవారికి వేఱు బడి, వేఱు ఆసుపత్రి, త్రాగు నీటికి గూడ వేఱు కుళాయి. మన దేశపు వేఱు బావులను, వేఱు గ్లాసులను ఎఱిగిన మనకు దీనిని విప్పి చెప్ప నక్కరలేదు.

అతనికి మొదటి కెమేరా యిచ్చినది అక్కచెల్లెండ్రలో నొకతె. బడిలో జదువుకొను దినములలో, జో లూయిసు అను జగజ్జెట్టియైన ముష్టియుద్ధవీరుని భార్య మార్వా లూయిసు ఆ బడికి వచ్చినది. ఆ పిల్లవాడు సోదరి కెమేరాను బట్టుకొని, తోటివారు నవ్వుచున్నను లెక్కింపక, తిన్నగా వేదిక కడకు నడచిపోయి యామె ఫొటో తీసెను. సిగ్గు విడిచి ముందుకు బోవుట యీ వృత్తికి మొదటి పాఠమని నా తలంపు. మన గుంటూరుపిల్ల గడ్డిలో మోకాళ్లూనుటయు నట్టిదే.

రెండవ ప్రపంచయుద్ధమున సైన్యమున జేరి, అచ్చట నీ విద్యను క్రమముగా నేర్చెను. పసిఫిక్కు సముద్రమునందలి సైపాను ద్వీపమున నున్నప్పుడు, ఇంటికి బంపుకొనుటకు ఫొటోలు కోరు తోటి సైనికులకు దీసియిచ్చి నాలుగు రాళ్లు గడించెను. తిరిగివచ్చి మెంఫిసులో స్టూడియో పెట్టెను. పెండ్లిండ్లు, చావులు, బడి వేడుకలు, చర్చి సమావేశములు, ఏది పిలిచిన దానికి బోవువాడు. ఆదివారము మాత్రము మార్టిను మైదానమున నుండెడివాడు.

ఆ మైదానమున నాడునది బేసుబాలు. మన పిల్లలకు గ్రికెట్టు తెలిసినంతగా నీ యాట తెలియదు గావున గొంచెము చెప్పెదను. పక్షమునకు దొమ్మండుగురు. వజ్రాకారముగా నాలుగు మూలల నాలుగు గుఱుతులు. ఒకదానికి మఱియొకదానికి 90 అడుగుల దూరము. బంతి విసరువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి, నేల దాకనీయక నేరుగా విసరును. కొట్టువాడు గుండ్రని కఱ్ఱతో దానిని గొట్టి, ఒక్కొక్క గుఱుతు తాకుచు నాలుగును జుట్టి వచ్చినచో నొక పరుగు. మన వికెట్టువలె గఱ్ఱలు పాతి యుండవు. ఆటగాడు దుమ్ములో జాఱి గుఱుతును దాకునా, అంతలోనే బంతి యచ్చటికి జేఱునా అను ఆ ఒక్క ఱెప్పపాటులోనే యాటంతయు నున్నది. ఫొటో తీయువానికి గావలసినదియు నా ఱెప్పపాటే.

తెల్లవారి పెద్ద లీగులలో నల్లవారిని జేర్చుకొనెడివారు కారు. అందుచేత 1920లో రూబ్ ఫాస్టరు అను నాటగాడు కాన్సాసు నగరమున దనవారి కొఱకు వేఱు లీగును స్థాపించెను. వీనినే నీగ్రో లీగులందురు. మెంఫిసులోని జట్టు పేరు రెడ్ సాక్సు, అనగా నెఱ్ఱ మేజోళ్లవారు. దాని యజమానులు మార్టిను సోదరులు, వైద్యము మందుల వృత్తులలో నున్న కుటుంబము. పలు నల్లజట్లు తెల్లవారి మైదానములను అద్దెకు దీసికొని యాడుచుండగా, వీరు సొంత మైదానమే గట్టించుకొనిరి. ఆదివారము ప్రార్థన కాగానే, చర్చికి గట్టుకొనిన మంచిబట్టలతోడనే స్త్రీలును, టోపీలు ధరించిన పురుషులును, పిల్లలును ఆటకు వచ్చువారు. మన తిరునాళ్లవంటిదనుకొనుడు.

విదర్సు వీరుల నొక్కరినే తీయలేదు. మెట్లమీద గూర్చున్న కుటుంబములను, బల్లపై వరుసగా గూర్చుండిన యాటగాండ్రను, వారిని జూడవచ్చిన యువతులను గూడ దీసెను. ఫొటో తీయించుకొనినవారే దానిని గొనువారు. పత్రికవారిచ్చునది తక్కువ, అదియు నెప్పుడిత్తురో తెలియదు. మనిషికొక ప్రతి యమ్మినచో వెంటనే చేతిలో బడును. ఇల్లు గడచుట యెట్లని యడిగిన తల్లికి ఇది మొదటి సమాధానము. పేరుతెచ్చు ఫొటో వేఱు, బియ్యము తెచ్చు ఫొటో వేఱు; రెండును దీయుట యెఱిగినవాడే యీ వృత్తిలో నిలుచును.

విల్లీ మేసు 17 ఏండ్ల వయసున, 1948లో, బర్మింగుహాము జట్టులో నాడుచున్నప్పటి ఫొటో యీతడు తీసినదే. తరువాత నా బాలుడు అమెరికా దేశమున నెన్నదగిన యాటగాండ్రలో నొకడయ్యెను, 2024లో మరణించెను. జాకీ రాబిన్సనును, సాచెలు పేజీని గూడ దీసెను.

ఆ కాలపు పత్రికా ఛాయాగ్రాహకులు తఱచుగా వాడినది స్పీడు గ్రాఫికు అను పెద్ద కెమేరా. చేతులకు మంచి బరువు. ఫిలిము 4 అంగుళములకు 5 అంగుళముల రేకు. ఒక బిళ్లలో ముందొకటి, వెనుక నొకటి, రెండే రేకులు. ఒకటి తీయగానే మూతపలక తోసి, బిళ్లను బయటికి లాగి త్రిప్పిపెట్టి, మరల పలక తీసి, మీట బిగించి, చీకటియైనచో గాలిన దీపపుబుడ్డిని దీసి క్రొత్తది పెట్టవలయును. ఇంతలో నాటగాడు గుఱుతును దాకి, లేచి, దుమ్ము దులుపుకొని పోయి యుండును. కావున దీయువాడు ముందే యేదో యొక గుఱుతుపై దృష్టి నిలిపి, దూరము సరిచేసికొని, ఊపిరి బిగబట్టి కాచుకొనవలయును. ఆట తెలియనివానికి నది చేతకాదు. నేడు సెకనుకు 20 బొమ్మలు తీయు కెమేరాలు వచ్చినవి. అయినను ఎచ్చట నిలువవలయునో కెమేరా చెప్పదు.

ఈ బరువైన కెమేరానే చీర కట్టుకొని మోసిన స్త్రీ మన దేశమున నుండెను. హోమాయి వ్యారావాలా, 1913లో గుజరాతులోని నవసారిలో బుట్టినది. ఢిల్లీ వీధులలో సైకిలుపై దిరుగుచు స్వాతంత్ర్యోదయమును దీసిన మొదటి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు. 2011లో పద్మవిభూషణమును బొంది, 2012లో మరణించినది. నలుగురు మగవాండ్ర నడుమ అను మాటకు నింతకన్న నేను వేఱు జవాబు వ్రాయను.

ఇక సంగీతము. మెంఫిసులో బీల్ వీధి యనునది నల్లవారి యంగళ్లకును, హోటళ్లకును, పాటకచేరులకును బ్రసిద్ధి. ఆ వీధియందే విదర్సు స్టూడియో యుండెను. ఆటగాండ్రు ఎండలో దొరకెడివారు. పాటగాండ్రు రాత్రి దొరకెడివారు. పల్లెనుండి గిటారు చంకనిడుకొని వచ్చిన రైలీ కింగు అను యువకుడు ఆ పట్టణపు రేడియోలో బాడి, బీల్ వీధి బ్లూసు బాలుడని పిలువబడి, ఆ మాటల పొడి యక్షరములతో బి. బి. కింగు అయ్యెను. అతడు లోకప్రసిద్ధుడు గాక మునుపటి ఫొటోలు విదర్సు తీసినవి. గుంపు కట్టిన ప్రతి వాద్యబృందమునకును, గోడ ప్రకటనల కొఱకు, హోటలువారికి బంపుట కొఱకు ఒక మంచి ఫొటో కావలయును. అది లేనిదే పిలుపు రాదు. ఆ యవసరమే యితనికి భృతి.

1956 డిసెంబరులో నా రేడియోవారు ధర్మకార్యము కొఱకు జరుపు కచేరికి ఎల్విసు ప్రెస్లీ వచ్చెను. అప్పటి కతనికి 21 ఏండ్లు, తెల్లవాడు, దేశమంతయు వెఱ్ఱిగా జూచుచున్న పాటగాడు. నల్లవారి కచేరిలో దెఱ వెనుక బి. బి. కింగు ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొనుట యా కాలమున చిన్న సంగతి గాదు. తీసినది విదర్సే.

బంతియాటయు బాటయు నొక్క మనిషియందే కలిసిన సంగతి యొకటి గలదు. రెడ్ సాక్సు జట్టులో 1950 తరువాతి యేండ్లలో బంతి విసరిన చార్లీ ప్రైడు అనువాడు తరువాత, తెల్లవారి సొత్తని యెంచబడిన కంట్రీ సంగీతమున గొప్ప గాయకుడయ్యెను. ఆట బల్లపై గూర్చుండి కూనిరాగము తీయువానిని మందలించు తల్లులు దీనిని మనసున నుంచుకొందురు గాక.

1960 దశకమున స్టాక్సు అను రికార్డుల సంస్థకు విదర్సు ఛాయాగ్రాహకుడయ్యెను. ఆ సంస్థను గూర్చి మన స్త్రీలు తెలిసికొనదగిన దొకటున్నది. జిమ్ స్టూవర్టు అను తమ్ముడు పాటల రికార్డులు చేసెదనని బయలుదేరగా, యంత్రము గొనుటకు సొమ్ము లేకపోయెను. అక్క ఎస్టెల్ ఆక్స్‌టను తన యింటిని దాకట్టు పెట్టి యా సొమ్ము దెచ్చినది. పాత సినిమాహాలును అద్దెకు దీసికొని, లోపల తమ్ముడు పాటలు పట్టుచుండగా, ముందు గదిలో నక్క రికార్డుల యంగడి నడపినది. ఏ పాట జనమునకు నచ్చునో యంగడికి వచ్చు పిల్లల మొగములు చూచి పసిగట్టెడిది. స్టూవర్టులోని "స్టా", ఆక్స్‌టనులోని "ఆక్స్" కలిసి స్టాక్సు అయినది. ఇల్లు తాకట్టు పెట్టుమని నేను ఎవ్వరికిని జెప్పుటలేదు సుమా! ఆ సంస్థ 1975లో దివాలా తీసినది గూడ నిజమే.

బంతియాటలోను అట్టి గృహిణి యొకతె యుండెను. న్యూఆర్కు జట్టు లెక్కలు, ప్రయాణములు, జీతములు చూచిన ఎఫా మాన్లీ. 1947 ఏప్రిలు 15న జాకీ రాబిన్సను తెల్లవారి పెద్ద లీగులో నడుగుపెట్టెను. అది గొప్పదినమే. కాని యతనిని బెంచిన కాన్సాసు జట్టునకు దమ్మిడీయైన నీయక తీసికొనిపోయిరి. అదే యేట తన జట్టునుండి లారీ డోబీని గోరి వచ్చినప్పుడు ఎఫా మాన్లీ యూరకుండక, బేరమాడి 15,000 డాలర్లు రాబట్టినది. 2006లో బేసుబాలు కీర్తిమందిరమున నామె పేరు చేర్చిరి. అందు స్థానము పొందిన స్త్రీ యామె యొక్కతెయే. 1953లో టోనీ స్టోను అను యువతి ఇండియానాపోలిసు జట్టున మగవారితో సమముగా నాడినది. చూపఱులను రప్పించుటకు లంగా తొడిగి యాడుమనగా నిరాకరించి, అందఱివలె లాగు తొడిగియే యాడినది.

మంచి యాటగాండ్రు పెద్ద లీగులకు బోవగా, జనము వారి వెంట బోయిరి. నల్లజట్లు ఒక్కొక్కటిగా మూతపడినవి. రెడ్ సాక్సును 1960 ప్రాంతమున నంతరించినది. ఆ లీగుల లెక్కలు సరిగా వ్రాసినవారు తక్కువ. 2020 డిసెంబరులో గాని యవియు పెద్ద లీగులేయని యధికారులు ప్రకటింపలేదు. 2024లో బాతలెక్కలను గలుపగా, 1947లోనే మరణించిన జోష్ గిబ్సను .372 సరాసరితో దేశపు బంతియాట చరిత్రలోనే మొదటి స్థానమునకు వచ్చెను. అతడు పెద్ద లీగున నొక్కయాటయైన నాడనివ్వబడలేదు. కాగితముపై లెక్క లేని యా దినములకు విదర్సు పెట్టెలలోని నెగెటివులు సాక్ష్యముగా నిలిచినవి. వానిని బాఱవేయక దాచెను గనుకనే 2000 తరువాత నవి గ్రంథములుగా వెలువడినవి.

ఇంతవఱకు ధైర్యము గలిగించు భాగము.

ఆటకును బాటకును ఎక్కడికైన బిలువబడిన మనిషికి, క్రమముగా దుఃఖమున్న చోటికిని బిలుపు వచ్చెను. 1955లో మిసిసిపీ రాష్ట్రమున ఎమెట్ టిల్ అను 14 ఏండ్ల నల్లబాలుని దెల్లవారు క్రూరముగా జంపిరి. తల్లి మేమీ టిల్ కుమారుని పెట్టెను మూయనీయక, చేసినదానిని లోకము చూడవలయునని పట్టుబట్టినది. న్యాయస్థానమున బాలుని తాతవరుసవాడు మోస్ రైటు లేచి, హంతకులను వ్రేలితో జూపిన ఫొటో గలదు. కోర్టులో ఫొటోలు తీయరాదను నాజ్ఞ యున్నను విదర్సు దానిని దీసెనని ప్రసిద్ధి. తెల్లవారే యున్న జ్యూరీ గంటకు మించి కొద్ది నిమిషములలో వారిని నిర్దోషులనినది. విదర్సు ఆ ఫొటోలతో నొక చిన్న పుస్తకమచ్చువేసి డాలరునకు విక్రయించెను.

1968లో మెంఫిసు పారిశుద్ధ్యపు పనివారు, చెత్తబండి యంత్రములో నిద్దఱు నలిగి చనిపోగా, సమ్మె చేసిరి. మార్చి 28న "నేను మనిషిని" అను అట్టలు పట్టుకొని వందలమంది బారులుగా నిలిచిన ఫొటో యీతనిదే. ఏప్రిలు 4న మార్టిను లూథరు కింగు నా పట్టణముననే కాల్చిచంపిరి. కింగు గదిలోనికి, సమావేశములలోనికి, భోజనపు బల్ల కడకు బోగల చనువు విదర్సునకుండెను. ఎవరును "నీవెందుకు వచ్చితివి?" అని యడిగెడివారు కారు. కెమేరా యున్నదిగదా!

అతడు మరణించిన మూడేండ్లకు, 2010లో, మెంఫిసు దినపత్రిక యొకటి ప్రభుత్వపు కాగితములను వెలికిదీసి, విదర్సు ఆ యేండ్లలో రహస్యపోలీసులైన ఎఫ్.బి.ఐ. వారికి సొమ్ము పుచ్చుకొని సమాచార మిచ్చుచుండెనని వెల్లడించెను. ఎవరు వచ్చిరి, ఎవరు ఎవరితో మాటాడిరి. వానితో గూడ ఫొటోలు. ఇంటివా రీ సంగతి తామెన్నడును వినలేదనిరి. కింగు అనుచరుడగు ఆండ్రూ యంగు, మా యుద్యమమున దాచవలసినదే లేదని తేలికగా బుచ్చెను. డిక్ గ్రెగరీ మాత్రము క్రీస్తును బట్టియిచ్చిన జూడాతో బోల్చెను.

నేను చాల దినములు దీనిని దలచుకొంటిని. ఎనమండుగురు బిడ్డల యింటి వెచ్చము అతనిచే నీ పని చేయించెనా? ఆ కాలమున పోలీసులు పిలిచినచో గాదనగల నల్లవాడెవడు? 1948లో మెంఫిసు తొమ్మండుగురు నల్లవారిని పోలీసులుగా దీసికొన్నప్పుడు, ఇతడును వారిలో నొకడై మూడేండ్లు పని చేసినవాడు. అప్పటి పరిచయములును గలవు. క్షమించుటకు నే నెవరను? కాని తమ ప్రక్క గూర్చుండనిచ్చినవారికి దెలియకుండ వారి మొగములను వేఱొకరి చేతికిచ్చెను. ఆ ఫొటోలు చూచునప్పుడు నా మనసు వెనుకకు దీయును. మరల ఆ బంతిమైదానపు మెట్లమీది స్త్రీల నగుమొగములను జూచునప్పుడు, ఇంత ప్రేమతో దీసినవాడా యనిపించును. రెండును ఒక్క చేతివే.

గుంటూరు సోదరీ! ఇల్లు గడచునా యనిన, గడచును. పెండ్లిళ్ల ఫొటోలు గూడ దీసినచో. కోడలిగా దెచ్చుకొందురా యనిన, అడుగవచ్చినవారినే యడుగుడు. నాకున్న భయము మీకున్న భయము కాదు. పాటగత్తె తెఱ వెనుక జుట్టు ముడుచుకొనుచున్నప్పుడు, ఓడిన పిల్ల మొగము దాచుకొని యేడ్చుచున్నప్పుడు మీ పిల్ల యచ్చట నుండును. ఆ ఫొటో యెవరి చేతికి బోవలయునని యామెయే నిర్ణయింపవలసి యుండును. ఈ మాట మీరామెతో మాటాడుడు. కోపములేని పూట చూచి మాటాడుడు.

మఱియొక కోరిక. మీ యూరి యాడపిల్లల క్రికెట్టు జట్టున నేదైన నొక ఫొటో నాకు బంపుమనుడు. వెనుక బిల్లల పేర్లన్నియు, తేదీయు వ్రాయించుడు. మా యింట మా నాయనమ్మ పెండ్లి ఫొటోలో నామె ప్రక్కన నవ్వుచు నిలిచిన చిన్నదాని పేరు నేటికిని మాలో నెవ్వరికిని దెలియదు.